బాక్స్‌ఎన్ బొగ్గు వ్యాగన్ కిట్టు: పట్టాలు తప్పకుండా కట్టే పద్ధతి

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌కి బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్లు విజయవాడ వాళ్లకి కొత్త కాదు. మొదటిసారి బొమ్మరైలు కిట్టు కట్టేవాళ్లకి అవే నయం: పైకప్పు ఉండదు, గోడలు నిటారుగా ఉంటాయి. 1:87 సైజులో, అంటే అసలులో 87వ వంతుగా, కప్లర్లు (వ్యాగన్లని కలిపే కొక్కేలు) కాకుండా పొడవు సుమారు 112 మి.మీ. వస్తుంది.

ముందుగా ముక్కల్ని, అవి అతుక్కుని వచ్చే చట్రంతో సహా, గిన్నెలు తోమే సబ్బుతో చన్నీళ్లలో కడిగి ఆరబెట్టండి. అచ్చు నూనె మిగిలితే రంగు పొలుసులుగా ఊడుతుంది. వేడినీళ్లు వాడితే ప్లాస్టిక్ వంగిపోతుంది. ముక్కల్ని చేత్తో విరవకండి, గుంట పడుతుంది. నిప్పర్‌తో (చిన్న కటింగ్ ప్లయర్) 1 మి.మీ. వదిలి కత్తిరించి, మిగిలింది 400 నంబర్ ఎమరీ పేపర్‌తో రుద్దండి.

అసలు పనితనమంతా మూలల్లోనే ఉంది. అద్దం పలక మీద ఒక పొడవు గోడని, ఒక చివరి గోడని మూలమట్టానికి ఆనించి ప్లాస్టిక్ సిమెంట్‌తో (ప్లాస్టిక్‌ని కరిగించి అతికించే జిగురు) అతికించండి. గంట ఆగి రెండో జత అతికించండి. మే నెల ఎండల్లో సిమెంట్ అతుక్కునేలోపే ఆవిరైపోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా రాస్తూ పోవాలి. ఇక్కడ ఫెవిక్విక్ వద్దు: సర్దుకునే వ్యవధి ఇవ్వదు, చుట్టూ తెల్లటి పొర కడుతుంది. ఆరాక అడుగుభాగాన్ని అద్దం మీద పెట్టి నాలుగు మూలలూ నొక్కి చూడండి. ఏ మూల ఊగినా అతుకు విప్పి మళ్లీ కట్టాల్సిందే. మెలి తిరిగిన వ్యాగన్ వంపులో ఒక చక్రాన్ని పైకి లేపుతుంది, పట్టాలు తప్పేది అక్కడే.

తర్వాత బరువు. ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం) లెక్క 28 గ్రాములు, దానిపై పొడవులో ప్రతి అంగుళానికి 14 గ్రాములు. మన వ్యాగన్‌కి మొత్తం 90 గ్రాములు. లోటుని ఇనుప వాషర్లతో పూరించి, వాటిని వ్యాగన్ నేలకి ఆనించి సరిగ్గా మధ్యలో అతికించండి.

రెండు బోగీలనీ (వ్యాగన్ కింద చక్రాలుండే చట్రాలు) ఒకేలా బిగించకూడదు. ఒకటి పక్కలకి తిరిగితే చాలు, రెండోదాని స్క్రూ అరచుట్టు వదులు చేసి ఊగనివ్వాలి. అప్పుడు ఎగుడుదిగుడు పట్టాల మీదా అన్ని చక్రాలూ ఆనుతాయి. ఇరుసు మీద చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.4 మి.మీ. ఉందో లేదో కాలిపర్‌తో చూడండి. తక్కువైతే పాయింట్ల (పట్టాలు చీలే చోటు) దగ్గర చక్రం పట్టా ఎక్కేస్తుంది.

స్ప్రే రంగు ముసురు రోజుల్లో వేయకండి, గాలి తేమకి పాలిపోయినట్టు తెల్లబడుతుంది. ఎండెక్కాక 20 సెం.మీ. దూరం నుంచి పల్చగా రెండు పూతలు చాలు. డెకాల్స్ (నీళ్లలో తడిపి అంటించే అక్షరాల స్టిక్కర్లు) అంటించే ముందు మెరుపు వార్నిష్, అంటించాక మ్యాట్ వార్నిష్. గోడ మీది నిలువు పక్కటెముకల దగ్గర డెకాల్‌ని కత్తిరించి ముక్కలుగా అంటిస్తే గాలిబుడగలు రావు.

బొగ్గుకి నిజం బొగ్గునే దంచి, టీ వడకట్టుతో జల్లెడపట్టి అట్టముక్క మీద కుప్పగా పోయండి. ఒక వంతు ఫెవికాల్, రెండు వంతుల నీళ్లు, ఒక చుక్క సబ్బు ద్రవం కలిపి డ్రాపర్‌తో చుక్కలుగా వేయండి. సబ్బు లేకపోతే నీళ్లు పొడి మీద ముత్యాల్లా నిలుస్తాయి, లోపలికి దిగవు. మర్నాడు బ్రష్‌తో గట్టిగా దులపండి. రాలే పొడి ఇంజన్ గేర్లలోకి పోతే మోటారు ఇరుక్కుంటుంది.