సింకు జామ్ అయిందా? ముందు ఏమీ పోయకండి

మాది బెజవాడ మొగల్రాజపురంలో పాత అపార్ట్‌మెంట్, పన్నెండు ఫ్లాట్లు. ప్లంబర్‌ని పిలిచే డ్యూటీ ఆరేళ్లుగా నా నెత్తినే ఉంది. ఎవరింట్లో నీళ్లు నిలబడినా ఫోన్ నాకే వస్తుంది. నేను అడిగే మొదటి మాట ఒకటే: "ఇప్పటిదాకా అందులో ఏం పోశారు?" చాలామంది "ఏం లేదండీ, తూము జామ్ పోవడానికి ఒక ప్యాకెట్ డ్రెయిన్ పౌడరే" అంటారు. ఆ పౌడర్ పైపులో ఉందని తెలిస్తే ప్లంబర్ చెయ్యి పెట్టడానికి జంకుతాడు. జంకాల్సిందే.

అందుకని పోయడం తర్వాత, ముందు చూడండి. ఒక్క సింకులోనే నీళ్లు ఆగితే అడ్డం చాలావరకు దాని కిందే, మీ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. సింకూ, వాష్ ఏరియా తూమూ రెండూ ఆగితే ఆ రెండూ కలిసే పైపులో ఉంటుంది. పై అంతస్తులో వాషింగ్ మెషిన్ వేసినప్పుడు మీ బాత్‌రూమ్‌లో నురగ పైకి తన్నుకొస్తుంటే అడ్డం మీ ఫ్లాట్ దాటాక ఉంది, మీ సింకును ఎంత పొడిచినా లాభం లేదు.

వంటింటి సింకులో నీళ్లు మెల్లగా పోతున్నాయి

జిడ్డు. నూనె ఒక్కటే పైపును మూసెయ్యదు. పైపు లోపల పూతలా పట్టుకుంటుంది, దాని మీద టీ పొడి, మినప్పొట్టు, దోసెల పిండి గిన్నె కడిగిన మడ్డి వచ్చి అతుక్కుంటాయి. బోరు నీళ్లయితే అందులోని సున్నం సబ్బుతో కలిసి ఇంకో తెట్టు కడుతుంది. మా బిల్డింగులో అరిసెలు వండిన మూకుళ్లు భోగి నాడు సింకులోకి వెళ్తాయి, కనుమ నాటికి నాకు ఫోన్లు మొదలవుతాయి.

సింకు కింద తలుపు తీస్తే ముడతల ముడతల వేస్ట్ పైపు నేల తూములోకి దిగి ఉంటుంది, లేదా బాటిల్ ట్రాప్ (కాస్త నీళ్లు నిలిచి ఉండే సీసా లాంటి గిన్నె) ఉంటుంది. ముడతల పైపైతే దాన్ని కడుగుతూ కూర్చోకండి. ప్రతి ముడతలోనూ జిడ్డే. హార్డ్‌వేర్ షాపులో కొత్తది తెచ్చి మార్చేయడమే సుఖం. పాతదాన్ని చేత్తో పట్టుకెళ్తే సైజు తప్పు పోదు.

బాటిల్ ట్రాప్ అయితే కింది గిన్నెను చేత్తోనే తిప్పి ఊడదీయొచ్చు. కింద బకెట్ పెట్టండి. నేను మొదటిసారి పెట్టలేదు, ఆ కుళ్లు నీళ్లన్నీ పక్కనే ఉన్న కందిపప్పు డబ్బాలోకి పోయాయి. ఆ గిన్నెలో ఏముందంటే, పిడికెడు నల్లటి ముద్ద, దాని మధ్యలో మూడు నెలల కింద పోయిందనుకున్న చిన్న స్టీలు చెంచా. పనిమనిషిని అనుమానించనందుకు బతికిపోయాను. ముద్ద తీసేసి, పాత టూత్ బ్రష్‌తో తోమి, రబ్బరు వాచర్ సరిగ్గా కూర్చుందో లేదో చూసి బిగించాలి. వాచర్ మెలిక పడితే రాత్రంతా చుక్కలు కారుతూనే ఉంటుంది.

అయినా పోకపోతే ప్లంజర్, అంటే కర్రకు రబ్బరు గిన్నె ఉండేది. రెండు తొట్ల సింకైతే రెండో కన్నాన్ని తడిగుడ్డతో గట్టిగా మూయండి, లేకపోతే గాలి అటు నుంచి పోతుంది. రబ్బరు మునిగేంత నీళ్లు ఉంచి ఇరవై సార్లు నొక్కుతూ లాగండి. నొక్కడం కంటే లాగడమే ముఖ్యం. చివరికి గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త, దాని వెంట వేడి నీళ్లు. చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడి చాలు. కాగే నీళ్లు వద్దు, పీవీసీ పైపు మెత్తబడి జాయింట్లు వదులవుతాయి.

ఇక జామ్ పోవడానికి అందరూ చెప్పే వంట సోడా, వెనిగర్ చిట్కా సంగతి. బుసబుసా పొంగితే లోపలేదో జరిగిపోతోందనిపిస్తుంది. ఆ పొంగు ఒట్టి బొగ్గుపులుసు వాయువు. సోడా, వెనిగర్ ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది ఉప్పునీళ్ల లాంటిది. వాసనకు కాస్త పనికొస్తుందేమో గానీ జిడ్డు గడ్డను కదిలించలేదు.

బాత్‌రూమ్‌లో నీళ్లు పాదాలు మునిగేలా నిలబడుతున్నాయి

వెంట్రుకలు, సబ్బు. ఇంట్లో కుంకుడుకాయల తలంటు ఉంటే ఆ పిప్పి కూడా. జాలీ పైకెత్తి, కింద నానీ ట్రాప్‌లో (నేల తూము కింద నీళ్లు నిలిచే గిన్నె) బోర్లించి ఉండే కప్పును బయటికి తీసి, గ్లవుజు వేసుకుని చేత్తో లాగేయండి. అంతే.

పని అయ్యాక ఆ కప్పును మళ్లీ పెట్టాలి. అది లేకపోతే నీళ్లు జోరుగా పోతున్నాయని చాలామంది తీసి పారేస్తారు. ఆ తర్వాత వారానికి కంపు, బొద్దింకలు అని ఫోన్ చేస్తారు. కప్పు చుట్టూ నిలిచే నీళ్లే డ్రైనేజీ గాలిని ఆపే తలుపు.

నీళ్లు బాగానే పోతున్నాయి, కంపు మాత్రం ఉంది

ఆ నీళ్ల తలుపు ఎండిపోయిందన్నమాట. బెజవాడ మే నెల ఎండలకు వాడని గెస్ట్ బాత్‌రూమ్‌లో ట్రాప్ ఇట్టే ఆరిపోతుంది. చెంబెడు నీళ్లు పోయండి. ఊరెళ్లేటప్పుడైతే ఆ నీటి మీద రెండు చెంచాల వంటనూనె వేస్తే తొందరగా ఆరదు. గుడగుడ శబ్దం కూడా వస్తుంటే టెర్రస్ మీది గాలి పైపు చూడండి. మాకైతే అందులో పావురాల గూడు దొరికింది.

పౌడర్, యాసిడ్

నా కుడి ముంజేతి మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉంది. పౌడర్ వేసి అరగంట చూశాను, కదల్లేదు. టైల్స్‌కి వాడే యాసిడ్ పోశాను. తూములోంచి ఒక్కసారిగా ఎగజిమ్మింది. డ్రెయిన్ పౌడర్లలో ఎక్కువగా ఉండేది కాస్టిక్ సోడా. నీళ్లు తగిలితేనే వేడెక్కుతుంది, యాసిడ్ తగిలితే పైపులోనే ఉడికి పైకి తన్నుతుంది. బ్లీచింగ్ పౌడర్‌తో యాసిడ్ గానీ, టాయిలెట్ క్లీనర్ గానీ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన బాత్‌రూమ్‌లో అది ఊపిరి తీస్తుంది.

తప్పనిసరై పౌడర్ వాడితే గ్లవుజులు, కళ్లద్దాలు పెట్టుకోండి, కిటికీ తీయండి, ప్యాకెట్ మీద రాసినంతే వేయండి. తర్వాత ప్లంజర్ కొట్టొద్దు, అది మొహం మీదికే చిమ్ముతుంది. ఒకసారికి పోకపోతే రెండోది వేయకుండా ప్లంబర్‌ని పిలిచి, వేసిన సంగతి ముందే చెప్పండి. ఒంటి మీద, కంట్లో పడితే కుళాయి కింద ఇరవై నిమిషాలు కడుగుతూ ఉండి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పిల్లలు మింగితే వాంతి చేయించొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

కింది అంతస్తులో నీళ్లు వెనక్కి తన్నుతున్నాయి

చాంబర్ (బిల్డింగు పైపులన్నీ వచ్చి కలిసే మురుగు గుంత) మూత తీయించి దూరం నుంచే చూడండి. ఖాళీగా ఉంటే అడ్డం బిల్డింగుకూ చాంబర్‌కూ మధ్య ఉంది, ప్లంబర్ స్ప్రింగ్ వైరుతో తీస్తాడు. నిండుగా ఉంటే అడ్డం రోడ్డు వైపు, కార్పొరేషన్ వాళ్లకు చెప్పాలి. అగ్గిపుల్ల గీయొద్దు, తల లోపలికి పెట్టొద్దు. ఐదొందలు ఇస్తే ఎవరో ఒకరు దిగుతారని మా మీటింగులో ఒకరన్నారు. లోపలి విషవాయువుకు మనిషి రెండు నిమిషాల్లో కుప్పకూలతాడు. రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలో, సెప్టిక్ ట్యాంకులో మనిషిని దించడం పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మిషను బండి వచ్చేదాకా ఆగాం.

వానాకాలంలో ఇంకో రకం ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు ఉన్నవాళ్లకు దీని గురించి చెప్పక్కర్లేదు. వీధి కాలువే నిండిపోతే ఇంట్లో నీళ్లు పోవడానికి చోటే ఉండదు. అప్పుడు ప్లంజర్లు, వైర్లు పక్కన పెట్టి వాడకం ఆపేయండి, మేడ మీది వాళ్లకూ చెప్పండి. పై ఫ్లాట్లలో పోసిన ప్రతి బకెట్టూ తేలేది గ్రౌండ్ ఫ్లోర్ బాత్‌రూమ్‌లోనే. ఏటా ఇదే తంతైతే బయటికెళ్లే పైపుకు నీళ్లు వెనక్కి రానివ్వని వాల్వ్ వేయించుకోండి. మేం ఆ పని ఎండాకాలంలోనే చేయించాం, వానల్లో ప్లంబర్ దొరకడు.