పాత కారుకు ఇండికేటర్లు: బాడీకి ఒక్క రంధ్రమైనా చేయకుండా

తిరుపతి లీలామహల్ కూడలి వంటి చోట 1950ల నాటి కారును కుడివైపు తిప్పబోయే డ్రైవరు, చేతిని కిటికీలోంచి ఎంత చక్కగా చాచినా, వెనుక వస్తున్న మోటారు సైకిలువాడు దానిని తనను ముందుకు పొమ్మనే సైగగానే తీసుకుంటాడు. ఎడమవైపు తిరిగేటప్పుడు చాచిన చేతిని అపసవ్య దిశలో గుండ్రంగా తిప్పాలన్న సంగతి లైసెన్సు పరీక్షకు చదివినవారికి కూడా ఇప్పుడు గుర్తుండదు. కనుక పాత కారును షెడ్డులో దాచుకోక అప్పుడప్పుడైనా చిత్తూరు దాకా, చంద్రగిరి దాకా నడపాలనుకునేవారికి మెరిసే ఇండికేటర్లు అవసరమే. అయితే వాటిని అమర్చే పద్ధతి, రేపు తీసివేస్తే అవి ఒకప్పుడు ఉన్నట్టు ఎవరికీ తెలియనంత శుభ్రంగా ఉండాలి.

ఈ మాట కేవలం అభిరుచి కోసం చెబుతున్నది కాదు. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లోగానీ బాడీలోగానీ ఇంజిన్‌లోగానీ పెద్ద మార్పులు లేకుండా తొలి రూపంలో నిలిచిన వాహనాలకు మాత్రమే వింటేజ్ గుర్తింపు, ‘వీఏ’ అక్షరాలతో కూడిన నంబరు లభిస్తాయి. మడ్‌గార్డుకు వేసిన రెండు రంధ్రాలను ఎవరూ పెద్ద మార్పుగా లెక్కించకపోవచ్చు గానీ, పాత కారు కొనవచ్చినవాడి కన్ను మొదట వాటిమీదే పడుతుంది. ఇక ఇండికేటర్ల విషయానికి వస్తే, కేంద్ర మోటారు వాహనాల నియమాలు కోరేది కాషాయ పసుపు రంగు దీపాలనూ, నిమిషానికి 60కి తగ్గకుండా 120కి మించకుండా మెరిసే వేగాన్నీ. అమెరికా కార్లలో మాదిరి వెనుకనున్న ఎర్రని బ్రేకు దీపాన్నే ఇండికేటరుగా కూడా వాడుకునే ఏర్పాటు మనకు పనికిరాదు. కనుక నాలుగు దీపాలనూ విడిగానే పెట్టుకోవాలి.

దీపాలు కొనే ముందు కారు వోల్టేజీ ఎంతో, బ్యాటరీ ఏ కొస ఛాసిస్‌కు కలిసి ఉందో స్వయంగా చూసుకోవాలి. ఫోర్డ్ మోడల్ ఏ కారుకు 6 వోల్టులు, పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ కొస ఛాసిస్‌కు కలిసి ఉంటుంది. విల్లీస్ జీపుకు 6 వోల్టులే అయినా నెగటివ్ ఎర్త్. ఆ కాలపు మోరిస్ కార్లకు 12 వోల్టులు, పాజిటివ్ ఎర్త్. ఇన్నేళ్లలో ఎవరో ఒకరు మార్చి ఉండవచ్చు కనుక పుస్తకంలో ఉన్నదానికన్నా బ్యాటరీ దగ్గర కనిపించేదే ప్రమాణం. మామూలు బల్బుకు, లోపల వేడికి వంగే రేకుతో పనిచేసే పాతరకం థర్మల్ ఫ్లాషరుకు (దీపాలను మెరిపించే పరికరానికి) ఈ తేడాతో నిమిత్తం లేదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్లు, ఎల్ఈడీ దీపాలు, బజర్లు మాత్రం ఎర్త్ తారుమారైతే పనిచేయవు, కొన్నిసార్లు కాలిపోతాయి. పాజిటివ్ ఎర్త్ కారుకు థర్మల్ ఫ్లాషరు, తంతువు (ఫిలమెంటు) బల్బులు వాడటమే మేలని నా అభిప్రాయం. ఎల్ఈడీల మోజు ఉన్నవారు మరొక్క విషయం తెలుసుకోవాలి: అవి తీసుకునే కరెంటు చాలా తక్కువ కనుక థర్మల్ ఫ్లాషరులోని రేకు తగినంత వేడెక్కదు, దీపం మెరవకుండా వెలుగుతూనే ఉండిపోతుంది.

దీపాల ఎంపికలో కారు రూపం చెడకుండా చూసుకోవాలి. చిన్న కారుకు పాత బుల్లెట్ తరహా గుండ్రని ఇండికేటర్లు నప్పుతాయి. జీపు అయితే ట్రాక్టరుకు వాడే పెద్ద దీపాలు కూడా ఎబ్బెట్టుగా ఉండవు. ముందువైపు బంపరు బోల్టుకు, వెనుకవైపు నంబరు ప్లేటు బోల్టులకు బిగిసేలా ఇనుప పట్టీతో బ్రాకెట్లు చేయించుకుంటే బాడీని ముట్టుకోవలసిన అవసరమే ఉండదు. కుడి, ఎడమ దీపాలు వీలైనంత దూరంగా, కారు అంచులకు దగ్గరగా ఉండాలి. నంబరు ప్లేటుకు ఇరువైపులా ఒకదాని పక్కన ఒకటి పెడితే ఏ వైపు మెరుస్తున్నదో వెనుకవారికి రాత్రిపూట తెలియదు కనుక, బ్రాకెట్టును అంచుదాకా పొడిగించవలసి వస్తే పొడిగించాల్సిందే.

సర్క్యూటు చాలా సులభం. ఇగ్నిషన్ స్విచ్చి వేసినప్పుడే కరెంటు వచ్చే చోటు నుండి ఒక తీగ బయలుదేరి, ఫ్యూజు గుండా ఫ్లాషరులోని ‘బి’ లేదా ‘ఎక్స్’ అని రాసి ఉన్న పిన్నుకు చేరుతుంది. ‘ఎల్’ పిన్ను నుండి వచ్చిన తీగ మూడు స్థానాల స్విచ్చి మధ్య పాయింటుకు వెళుతుంది. స్విచ్చి రెండు పక్కల పాయింట్ల నుండి ఒక తీగ ఎడమ దీపాల జతకు, మరొకటి కుడి దీపాల జతకు పోతాయి. బ్రిటిష్ విద్యుత్ పరికరాల కంపెనీ లూకాస్ ఫ్యూజు బాక్సు ఉన్న మోరిస్ వంటి కార్లలో ఏ3 అనే టెర్మినల్ ఇగ్నిషన్ మీద పనిచేస్తుంది, దానికి ఫ్యూజు ఉండదు. అక్కడి నుండి కరెంటు తీసుకుని తీగ మధ్యలో విడిగా ఫ్యూజు పెట్టుకుంటే, ఏ4 అనే ఫ్యూజు ఉన్న టెర్మినల్ మీద ఆధారపడిన పాత ఫ్యూజుకు అదనపు భారం పడదు. తీగలకు కూడా లూకాస్ రంగులే వాడితే, అంటే ఎడమకు ఆకుపచ్చ మీద ఎర్ర గీత, కుడికి ఆకుపచ్చ మీద తెల్ల గీత ఉన్నవి తీసుకుంటే, ఇరవై ఏళ్ల తరువాత బోనెట్టు ఎత్తే ఎలక్ట్రీషియను మిమ్మల్ని తిట్టుకోడు.

తీగ మందం విషయంలో 6 వోల్టుల కార్ల యజమానులు పిసినారితనం చూపకూడదు. 21 వాట్ల బల్బులు రెండు వెలిగితే 12 వోల్టుల కారులో మూడున్నర ఆంపియర్లు నడుస్తాయి. 6 వోల్టుల కారులో అదే పనికి ఏడు ఆంపియర్లు కావాలి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు సుమారు 0.0175 ఓముల నిరోధం ఉంటుంది. రెండు మీటర్ల ఉమ్మడి తీగ, అక్కడి నుండి వెనుక దీపానికి అయిదు మీటర్లు అని లెక్కవేస్తే, 6 వోల్టుల కారులో దారిలోనే అర వోల్టుకు పైగా పోతుంది. అర వోల్టే కదా అనిపించవచ్చు గానీ, తంతువు బల్బుకు వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం రేణిగుంట రోడ్డు ఎండలో ఆ తేడా కనిపించడానికీ కనిపించకపోవడానికీ మధ్య తేడా అవుతుంది. అందువల్ల 6 వోల్టుల కారుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, 15 ఆంపియర్ల ఫ్యూజు. 12 వోల్టుల కారుకు 1 చదరపు మిల్లీమీటరు తీగ, 10 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. ఇండికేటర్ల కోసమని కారు మొత్తాన్ని 12 వోల్టులకు మార్చమని సలహా ఇచ్చేవారు ఉంటారు. డైనమో, కాయిలు, మీటర్లు అన్నింటినీ కదిలించే ఆ పని, ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకున్నట్టే.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ ఎర్త్ పట్టీని విప్పాలి. పాజిటివ్ ఎర్త్ కారులో ముందుగా విప్పేది పాజిటివ్ కొస అని మరచిపోకూడదు. పాత కార్ల తీగలకు నూలు అల్లిక ఉంటుంది, కదిలిస్తే పొడిలా రాలుతుంది. కొత్త తీగలను వాటితో కలిపి చుట్టకుండా, ఫైర్‌వాల్‌లో (ఇంజినుకూ కారు లోపలికీ మధ్యనున్న రేకు గోడలో) ఇదివరకే ఉన్న రంధ్రం గుండా రబ్బరు గ్రోమెట్టు (తీగ ఒరుసుకోకుండా కాచే రబ్బరు వలయం) వేసి దాటించి, గుమ్మం పక్కన మ్యాటు కిందుగా వెనక్కి తీసుకుపోవాలి. సైలెన్సరు పైపుకు దూరంగా ఉంచాలి. అతుకుల దగ్గర మామూలు ఇన్సులేషన్ టేపు చుడితే, మన వేసవిలో దాని జిగురు కరిగి, టేపు జారి, ఖాళీ అయిన చోట దుమ్ము పేరుకుంటుంది. అతుకును సోల్డరు చేసి వేడికి ముడుచుకునే స్లీవు తొడగడం ఒక్కటే నమ్మదగిన పద్ధతి. ప్రతి దీపానికీ ఎర్త్ తీగను విడిగా ఛాసిస్ దాకా లాగాలి. బ్రాకెట్టుకు రంగు వేసి ఉంటే, ఆ బోల్టు ద్వారా ఎర్త్ అందుతుందిలే అనుకోవడం పొరపాటు.

డ్యాష్‌బోర్డు మీద ఒకే పైలట్ దీపంతో (ఇండికేటరు పనిచేస్తున్నదని డ్రైవరుకు చూపే చిన్న దీపంతో) రెండు వైపులనూ చూపే చక్కని ఉపాయం ఒకటి ఉంది. చిన్న 2 వాట్ల బల్బు రెండు కొసలలో ఒకదానిని ఎడమ తీగకు, మరొకదానిని కుడి తీగకు కలపాలి. ఎడమ ఇండికేటరు వేసినప్పుడు కరెంటు పైలట్ గుండా కుడి తీగలోకి ప్రవేశించి, కుడివైపు పెద్ద బల్బుల చల్లని తంతువుల మీదుగా ఎర్త్ చేరుతుంది. ఆ తంతువుల నిరోధం చాలా తక్కువ కనుక అవి వెలగవు, పైలట్ మాత్రం నిండుగా వెలుగుతుంది. అయితే ఈ బల్బు హోల్డరు డ్యాష్‌బోర్డు ఇనుముకు తగలకూడదు. తగిలితే ఒకవైపు తీగ నేరుగా ఎర్త్ అయి ఫ్యూజు పోతుంది. ఎల్ఈడీలు వాడినవారికి ఈ ఉపాయం పనికిరాదు.

పక్క స్తంభాలలోంచి చేయిలా బయటికి లేచే ట్రాఫికేటర్లు ఉన్న కార్ల వారు, వాటిని తీసివేయాలన్న మాట ఎవరు చెప్పినా వినకూడదు. బ్రిటన్‌లో మోరిస్ మైనర్‌కు కూడా అవి 1961 దాకా కొనసాగాయి. వాటి తీగను కొత్త ఫ్లాషరు తరువాత కలిపితే, ఫ్లాషరు తెరుచుకుని మూసుకున్నప్పుడల్లా లోపలి కాయిలు పట్టి వదులుతూ, చేయి కోడి రెక్కలా కొట్టుకుంటుంది. కొద్దిరోజులకే కీలు అరిగిపోతుంది. వాటి పాత స్విచ్చి, పాత తీగలు వాటికే వదిలి, మెరిసే దీపాలకు స్టీరింగు గొట్టానికి రబ్బరు ముక్క మీద క్లిప్పుతో బిగించిన వేరే స్విచ్చి ఉంచాలి.

అన్నీ బిగించాక ఇంజిను ఆపి, ఎండలో, ముప్పై మీటర్ల దూరంలో ఒకరిని నిలబెట్టి చూపించుకోవాలి. మెరుపులు నిమిషానికి ఎన్నో గడియారం చూసి లెక్కపెట్టాలి. ఎడమ ఇండికేటరు వేసినప్పుడు అదే వైపు పార్కింగ్ దీపం కూడా మసకగా మెరుస్తుంటే, ఆ వైపు ఎర్త్ సరిగా లేదని అర్థం. కరెంటు దొడ్డిదారి వెతుక్కుంటున్నది. ఒక బల్బు పోతే థర్మల్ ఫ్లాషరు వేగం మారుతుంది లేదా మెరవకుండా నిలిచిపోతుంది. అది ఫ్లాషరు లోపమని వెంటనే కొత్తది కొనకుండా ముందు బల్బులు చూడాలి. ఆ తరువాత రాత్రిపూట ఇంజినును ఐడిల్‌లో ఉంచి, హెడ్‌లైట్లు, బ్రేకు, ఇండికేటరు మూడూ కలిపి పరీక్షించాలి. ఐడిల్‌లో డైనమో ఇచ్చేది స్వల్పం కనుక అమ్మీటరు ముల్లు డిశ్చార్జి వైపు వాలడం సహజమే గానీ, మెరుపు మరీ మందగిస్తే బ్యాటరీ టెర్మినళ్లు శుభ్రం చేయవలసిన వేళ వచ్చిందన్నమాట.

ఇలా అమర్చిన స్విచ్చి, మలుపు తిరిగాక తనంతట తాను ఆగదు. పాకాల దాటేదాకా ఎడమ ఇండికేటరు మెరుస్తూ పోయే పాత కారు, ఇండికేటరు లేని కారుకన్నా వెనుకవారిని ఎక్కువ తికమకపెడుతుంది. ఇంజిను చప్పుడులో ఫ్లాషరు టిక్కుటిక్కు వినిపించదు గనుక పైలట్ దీపాన్ని స్పీడోమీటరు పక్కనే, చూపు తిప్పకుండా కనిపించే చోట పెట్టుకోవాలి. ఫ్లాషరుకు ‘పి’ అనే మూడో పిన్ను ఉంటే, అక్కడి నుండి ఎర్త్‌కు ఒక చిన్న బజరును, దాని ప్లస్సు మైనస్సులు కారు ఎర్త్‌కు తగినట్టు చూసుకుని కలుపుకోవచ్చు.