వోల్టేజీ, కరెంటు కొలిచి నిరోధాన్ని, వాట్లను లెక్కించడం ఎలా?

నీళ్లు కాచే హీటర్ రాడ్ మీద 1500 వాట్లు అని రాసి ఉంటే, అది ఎక్కడ పెట్టినా 1500 వాట్లే తీసుకుంటుందని చాలామంది నమ్ముతారు. ఆ అంకె దాని పక్కనే చిన్న అక్షరాలతో ఉండే 230 వోల్టులకు మాత్రమే వర్తిస్తుంది. తిరుపతిలోని అద్దె గదిలో బక్కెట్ నీళ్లను పావుగంటలో కాచిన రాడ్‌నే బంగారుపాళెం దగ్గరి పల్లెకు తీసుకువెళ్లి, ఉదయం వ్యవసాయ మోటార్లన్నీ ఒకేసారి ఆడుతున్న వేళ పెడితే, ఇంకో ఐదు నిమిషాలు ఆగవలసి రావచ్చు. రాడ్ పాడైందా, వోల్టేజీ పడిపోయిందా అన్న సందేహాన్ని రెండు కొలతలతో తీర్చుకోవచ్చు.

లెక్కకు ఆధారం 1827లో జర్మన్ శాస్త్రవేత్త గియోర్గ్ ఓమ్ ప్రకటించిన సూత్రం. నిరోధం, అంటే కరెంటు ప్రవాహానికి తీగ ఇచ్చే అడ్డంకి, కావాలంటే వోల్టేజీని కరెంటుతో భాగించాలి, ఫలితం ఓమ్‌లలో వస్తుంది. సామర్థ్యం (పవర్) కావాలంటే ఆ రెండింటినీ గుణించాలి, ఫలితం వాట్లలో వస్తుంది.

మొదటి మెట్టు: వోల్టేజీ

రాడ్‌ను నీటిలో గుర్తు వరకు ముంచిన తరువాతే స్విచ్ వేయాలి. స్విచ్ ఆపి, ప్లగ్ తీసే దాకా నీటిలో చేయి పెట్టకూడదు. వోల్టేజీ, కరెంటు, నిరోధం కొలిచే మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల వైపు తిప్పి, అదే బోర్డులోని పక్క సాకెట్‌లో కొలవాలి. ఈ కొలత రాడ్ పనిచేస్తుండగా తీసుకున్నదై ఉండాలి. ఖాళీ సాకెట్‌లో 226 వోల్టులు చూపినా, రాడ్ వేయగానే తీగలలో కొంత నష్టమై 218కి దిగవచ్చు. మన లెక్కకు కావలసినది ఆ 218.

రెండవ మెట్టు: కరెంటు

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. తీగను కోయకుండానే దాని చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ దవడలను రాడ్ తీగ మొత్తానికి తగిలిస్తే మీటరు దాదాపు సున్నా చూపిస్తుంది. ఫేజులో వెళ్లే కరెంటూ, న్యూట్రల్‌లో తిరిగివచ్చే కరెంటూ సమానంగా ఎదురెదురుగా ఉండి, ఒకదాని అయస్కాంత ప్రభావాన్ని మరొకటి రద్దు చేయడమే అందుకు కారణం. దవడల మధ్య ఒక్క తీగే ఉండాలి. ఇందుకోసం ఫేజు, న్యూట్రల్, ఎర్త్ తీగలు మూడూ విడివిడిగా, ఇన్సులేషన్ చెక్కుచెదరకుండా ఉండే చిన్న ఎక్స్‌టెన్షన్ ఒకటి ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోవడం మేలు. మల్టీమీటర్‌ను ఆంపియర్లలో పెట్టి దాని కడ్డీలను సాకెట్ రంధ్రాలలో పెట్టడం మాత్రం ఎన్నడూ చేయరాదు. అది నేరుగా షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

మూడవ మెట్టు: లెక్క

మీటరు 6.2 ఆంపియర్లు చూపిందనుకుందాం. 218ని 6.2తో భాగిస్తే నిరోధం సుమారు 35.2 ఓమ్‌లు. 218ని 6.2తో గుణిస్తే సామర్థ్యం సుమారు 1352 వాట్లు.

రాసి ఉన్న 1500కి ఇది దాదాపు 150 వాట్లు తక్కువ. అయినా రాడ్ బాగానే ఉన్నదని చెప్పవచ్చు, ఎందుకంటే 230ని 230తో గుణించి 1500తో భాగిస్తే వచ్చే నిరోధం 35.3 ఓమ్‌లు, మనం కొలిచినదీ అంతే. హీటర్లలో వాడే నైక్రోమ్ తీగ నిరోధం వేడికి పెద్దగా మారదు కనుక ఈ పోలిక నమ్మదగినది. పాతకాలపు ఫిలమెంట్ బల్బుకు ఈ పోలిక చెల్లదు. చల్లగా ఉన్నప్పటి దాని నిరోధం, వెలుగుతున్నప్పటి నిరోధంలో పదో వంతు కూడా ఉండకపోవచ్చు.

ఇక పల్లెలో వోల్టేజీ 190 మాత్రమే ఉంటే, 190ని 35.2తో భాగించగా 5.4 ఆంపియర్లు, సామర్థ్యం సుమారు 1026 వాట్లు. వోల్టేజీ 13 శాతం తగ్గితే సామర్థ్యం 24 శాతం తగ్గింది, ఎందుకంటే వోల్టేజీతో పాటు కరెంటు కూడా పడిపోయింది. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి 1352 వాట్లతో పదిహేనున్నర నిమిషాలు, 1026 వాట్లతో ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. యూనిట్లు మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే, 0.35, వాట్లు తగ్గినంత మేరకు సమయం పెరిగింది.

మోటార్లకు ఈ లెక్క ఎక్కడ ఆగుతుంది?

బోరు మోటారు విషయంలో వోల్టేజీని కరెంటుతో భాగించి, వచ్చినదే వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్ట) నిరోధం అనుకోకూడదు. అందులో అయస్కాంత ప్రభావం కూడా కలిసి ఉంటుంది. వాట్లకైనా పవర్ ఫ్యాక్టర్‌ను, అంటే వోల్టేజీ, కరెంటుల లబ్ధంలో నిజంగా వాట్లుగా పనికివచ్చే వంతును, చేర్చి గుణించాలి. మూడు ఫేజుల మోటారుకు రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు, ఒక్కో తీగలో 7.5 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.85 అయితే, మూడు ఫేజుల లెక్కలో వచ్చే 1.732 (మూడు వర్గమూలం) కూడా చేర్చి, 1.732 × 415 × 7.5 × 0.85 = సుమారు 4580 వాట్లు. అయిదు హార్స్‌పవర్ అంటే 3730 వాట్లే కదా అని కంగారు పడనక్కరలేదు. అది మోటారు ఇరుసు దగ్గర ఇచ్చేది, 4580 అది లైను నుంచి తీసుకునేది.

రైతులు తప్పక గమనించవలసిన తేడా మరొకటి ఉంది. వోల్టేజీ పడిపోతే హీటర్ కరెంటు తగ్గుతుంది, కాని నీరు తోడుతున్న మోటారు అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. వైండింగ్‌లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 7.5 ఆంపియర్ల చోట 9 ఆంపియర్లు పారితే వేడి 44 శాతం ఎక్కువ. లో వోల్టేజీ ఉన్న రోజున స్టార్టర్ దగ్గర మూడు తీగలనూ ఎలక్ట్రీషియన్ చేత ఒక్కొక్కటిగా కొలిపించి, ఆ అంకె మోటారు పలకపై ఉన్న ఆంపియర్లను దాటితే వోల్టేజీ కోలుకునే వరకు మోటారును ఆపి ఉంచాలి.