కరెంటు పోయినా బిల్డ్ ఆగకుండా క్లౌడ్ సర్వర్‌లో పని చేయడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు ఇంటి నుంచి కోడ్ రాసే మనవాళ్లలో చాలామంది "నెట్ నిలవదు, క్లౌడ్ మనకెందుకు, ల్యాప్‌టాప్ చాలు" అంటారు. నేను ఒప్పుకోను. వానాకాలంలో కరెంటు పోయి బ్యాటరీ కూడా అయిపోతే ల్యాప్‌టాప్‌లో నడిచే బిల్డ్ (రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని) అక్కడితో సరి. సర్వర్‌లోదైతే నడుస్తూనే ఉంటుంది, సరిగా మొదలుపెడితే.

సర్వర్ దగ్గర్లోనే తీసుకోండి. అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి డేటా సెంటర్లు ఉన్నాయి. అమెరికాలో తీసుకుంటే నొక్కిన అక్షరం తెర మీద పడేసరికే విసుగొస్తుంది. ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్), 4 జీబీ ర్యామ్. అంతకు తగ్గించొద్దు. సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే దారి ఎస్‌ఎస్‌హెచ్; దానికి కీ పెట్టుకుని పాస్‌వర్డ్ లాగిన్ మూసేయండి. గిట్ (కోడ్‌ను, దాని మార్పులను దాచే పద్ధతి) నుంచి కోడ్ దించుకోండి.

ఇక అందరూ పాడుచేసే చోటు. నెట్ పోయి ఎస్‌ఎస్‌హెచ్ తెగితే సర్వర్‌లోని షెల్‌కు (మన కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్‌కు) కనెక్షన్ పోయిందని చెప్పే హ్యాంగప్ సిగ్నల్ వెళ్తుంది, దాని కింద నడిచే బిల్డ్ కూడా ఆగిపోతుంది. ఫైబర్ తెగి ఫోన్ హాట్‌స్పాట్‌కు మారినా ఇంతే, ఐపీ అడ్రస్ మారిపోతుంది కాబట్టి. అందుకే ఏ పెద్ద కమాండైనా టీమక్స్ లోపలే నడపాలి. కనెక్షన్ తెగినా సర్వర్‌లో మన సెషన్‌ను బతికించి ఉంచే ప్రోగ్రామ్ అది.

అందులోనూ వరుస ముఖ్యం. ముందు సర్వర్‌లోకి లాగిన్, ఆ తర్వాతే టీమక్స్. చాలామంది ల్యాప్‌టాప్‌లో టీమక్స్ తెరిచి, దాని లోపలి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ చేస్తారు. కింద ఆకుపచ్చ పట్టీ కనిపించగానే ధీమా వచ్చేస్తుంది. నెట్ పోతే మిగిలేది ఆ పట్టీ ఒక్కటే, బిల్డ్ ఉండదు. అనుమానం ఉంటే టీమక్స్ తెరిచే ముందు హోస్ట్‌నేమ్ అనే కమాండ్ కొట్టండి, సర్వర్ పేరే రావాలి. బయటికి రావాలంటే కంట్రోల్, బీ కలిపి నొక్కి వదిలి, డీ నొక్కండి. ఎగ్జిట్ కొట్టారా, ఆ విండో మూతపడుతుంది; ఉన్నది అదొక్కటే అయితే సెషన్ కూడా. మొదటి రోజే పరీక్షించండి: ఏదైనా కమాండ్ నడుస్తుండగా వైఫై ఆపేసి, మళ్లీ లాగిన్ అయి టీమక్స్ అటాచ్ కొట్టి చూడండి. అది ఇంకా నడుస్తూ కనిపించేదాకా అసలు పని మొదలుపెట్టొద్దు.

ఎస్‌ఎస్‌హెచ్ బదులు వాడే మోష్ చాలు కదా అంటారు కొందరు. ఐపీ మారినా అది తట్టుకుంటుంది, మంచిదే. కానీ దానికి సర్వర్‌లో యూడీపీ అనే రకం పోర్టులు తెరవాలి. పైగా ల్యాప్‌టాప్ ఆరిపోతే ఆ పాత సెషన్‌లోకి మళ్లీ వెళ్లలేరు. వాడితే టీమక్స్‌తో కలిపే వాడండి. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ రిమోట్ టెర్మినల్‌లోనూ ముందు టీమక్సే.

రాయడం మాత్రం ల్యాప్‌టాప్‌లోనే. గిట్ కాపీ అక్కడ ఉంటే నెట్ లేని గంటల్లోనూ చేతికి పని ఉంటుంది. సాయంత్రం సర్వర్‌లోని మార్పులు గిట్‌కు పుష్ చేశాకే (పంపాకే) సర్వర్‌ను ఆపండి, ఎందుకంటే సర్వర్ ఆగితే టీమక్స్ సెషన్ కూడా పోతుంది. ఆపినా డిస్క్‌కు బిల్లు పడుతూనే ఉంటుంది, అది లెక్కలో పెట్టుకోండి.