రాత్రికి రాత్రే ట్యాంకులో నీళ్లు తగ్గిపోతుంటే నేను చేసింది ఇది

పడుకునే ముందు మోటార్ వేసి 1000 లీటర్ల ట్యాంకు నింపితే, ఎవరూ కుళాయి తిప్పకుండానే తెల్లారేసరికి నాలుగైదు అంగుళాలు దిగిపోయేది. ఎక్కడా తడి లేదు. కుళాయిలు మార్చాం, ట్యాంకు వాల్వు మార్చాం, గోడలో పైపు పగిలిందేమోనని బాత్రూమ్ టైల్స్ కూడా కొట్టించాం, అన్నీ దండగే.

చివరికి ఫ్లష్ ట్యాంకు మూత తీసి, బట్టలకు వాడే నీలం నాలుగు చుక్కలు వేసి, అరగంట ఎవరినీ ఫ్లష్ చేయనివ్వలేదు. వెళ్లి చూస్తే కమోడ్ లోపల వెనక వైపు సన్నటి నీలి చార! అంటే ఫ్లష్ ట్యాంకులోంచే నీళ్లు కారిపోతున్నాయన్నమాట.

ముందు పక్కనున్న యాంగిల్ కాక్ (ఫ్లష్ ట్యాంకుకు నీళ్లు వదిలే చిన్న కుళాయి) కట్టేసి, ఫ్లష్ చేసి ట్యాంకు ఖాళీ చేశాను. మధ్యలోని వాల్వును కాస్త తిప్పితే ఊడి వచ్చింది. మాది బోరు నీళ్లు కదా, దాని అడుగున ఉన్న రబ్బరు వాషరు అంచంతా తెల్లగా ఉప్పు పేరుకుని, గోరుతో గీరితే పొడిలా రాలింది. పాతది షాపులో చూపించి అదే సైజుది తెచ్చాను, కానీ అసలు పని వాషరు కూర్చునే చోట ఉంది: అక్కడ వెనిగర్‌లో తడిపిన గుడ్డ పది నిమిషాలు ఉంచి, చేతికి నున్నగా తగిలేదాకా తుడిచాను, అది గరుకుగా ఉంటే కొత్త వాషరైనా సరిగ్గా అతుక్కోదు. బిగించాక మళ్లీ నీలం వేశాను, గంటైనా చార రాలేదు.

అందరి ఇళ్లలో ఇదే కారణమని చెప్పను. నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టంలోకి పొంగిపోతుంటే లోపం వాషరుది కాదు, ట్యాంకు నిండగానే నీళ్లు ఆపే ఫ్లోటుది. గోడలో దాచిన ట్యాంకులైతే విప్పే పద్ధతి వేరు. టైల్స్ కొట్టించే ముందు మాత్రం దయచేసి ఆ నాలుగు చుక్కలూ వేసి చూడండి.