ఫేమస్ ఫైవ్ పిల్లల వంశవృక్షం గీయడం ఎలా? కిరిన్, బార్నార్డ్ ఇంటిపేర్ల చిక్కు విప్పే పద్ధతి

ఇంగ్లిష్ రచయిత్రి ఎనిడ్ బ్లైటన్ రాసిన, నలుగురు పిల్లలూ ఒక కుక్కా కలిసి సాహసాలు చేసే ఫేమస్ ఫైవ్ పుస్తకాలను వేసవి సెలవుల్లో వరసపెట్టి చదివే పిల్లలు విశాఖపట్నంలో ఇప్పటికీ ఉన్నారు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం నుంచి తెచ్చుకున్నా, అక్కయ్యలూ అన్నయ్యలూ చదివి వదిలేసిన పాత ప్రతులు పట్టుకున్నా, నాలుగైదు పుస్తకాలు దాటేసరికి వారిలో చురుకైనవారు పెద్దలను తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉంది. జార్జ్ అని పిలిపించుకునే జార్జీనా అనే అమ్మాయి ఇంటిపేరు కిరిన్ అయినప్పుడు, ఆమె తండ్రి తరఫు బంధువులైన జూలియన్, డిక్, ఆన్‌ల ఇంటిపేరు బార్నార్డ్ ఎలా అయింది? ఈ ప్రశ్నను తేలికగా కొట్టిపారేయకూడదు. పుస్తకంలోని మాటలనే సాక్ష్యంగా పెట్టుకొని, పిల్లలతో కలిసి వంశవృక్షం గీస్తూ దీనికి జవాబు వెతకవచ్చు.

ముందుగా ఏ పుస్తకాలను లెక్కలోకి తీసుకోవాలో నిర్ణయించుకోవాలి. 1942లో వచ్చిన ‘ఫైవ్ ఆన్ ఎ ట్రెజర్ ఐలండ్’ మొదలుకొని 1963లో వచ్చిన ‘ఫైవ్ ఆర్ టుగెదర్ అగైన్’ వరకు బ్లైటన్ స్వయంగా రాసినవి 21 నవలలు. ఇతరులు తర్వాత రాసిన కొనసాగింపులను, 1978లోనూ 1995లోనూ వచ్చిన టీవీ ధారావాహికలను ఈ పనికి పక్కన పెట్టాలి. వాటిలో కనిపించే ఇంటిపేరు బ్లైటన్ మాటకు రుజువు కాదు. 2010లో ప్రచురణకర్తలు పిల్లలకు సులువుగా ఉంటుందని భాషను మార్చి కొన్ని ప్రతులు తెచ్చారు, 2016 నాటికి ఆ ప్రయత్నం ఫలించలేదని ఒప్పుకొని పాత పాఠానికే తిరిగి వెళ్లారు. అందువల్ల చేతిలో ఉన్న ప్రతి ఏ ఏటిదో మొదటి పేజీల్లో చూసుకోవడం మంచిది.

ఇక ఒక పెద్ద కాగితం తీసుకొని, దొరికిన ప్రతి ఆధారాన్నీ పెన్సిలుతో రాయాలి. రాసేటప్పుడు ఆ మాట ఎవరు అన్నారో, ఎవరితో అన్నారో, ఏ పుస్తకంలో అన్నారో తప్పకుండా చేర్చాలి. నా అభిప్రాయంలో ఈ పని మొత్తంలో ముఖ్యమైన నియమం ఇదే, ఎందుకంటే వరస తెలిపే మాట బరువు అది పలికిన మనిషిని బట్టి మారుతుంది. కథ చెప్పే రచయిత్రి ‘అంకుల్’ అని రాసినచోట తండ్రి తమ్ముడో, తల్లి అన్నో, మేనత్త భర్తో మనకు తెలియదు. ఇంట్లోవాళ్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు మాత్రం వరస దాగదు.

మొదటి పుస్తకంలో మొదటి అధ్యాయాన్నే తీసుకోండి. జూలియన్, డిక్, ఆన్‌లను సెలవులకు ఎక్కడికి పంపాలా అని వాళ్ల తల్లిదండ్రులు మాట్లాడుకుంటూ ఉండగా, జార్జ్ తండ్రి అయిన క్వెంటిన్ ఇంటికి పంపితే ఎలా ఉంటుందని తండ్రి అంటాడు. ఏదో వ్యవహారం మీద ‘క్వెంటిన్ భార్య’ను ఈమధ్య పట్నంలో కలవవలసి వచ్చిందని, వాళ్ల పరిస్థితి అంత బాగున్నట్టు లేదని చెబుతాడు. ఇక్కడ పిల్లల చేత పుస్తకం మూయించి ఒక ప్రశ్న అడగండి: క్వెంటిన్ భార్య, అంటే జార్జ్ తల్లి ఫ్యానీ, ఆయనకు సొంత చెల్లెలే అయితే, ఆయన ఆమెను క్వెంటిన్ భార్య అని పరిచయం చేస్తాడా? చేయడు. మన ఇళ్లల్లో ఏ అన్నా తోడబుట్టినదాన్ని ఆమె భర్త పేరు పెట్టి చెప్పడు. కనుక ఫ్యానీ ఈ పిల్లలకు మేనత్త కాదు.

వెంటనే తల్లి మాట వస్తుంది. వాళ్లకు ఒక పాప ఉండాలి కదా, పేరేదో వింతగా ఉంటుంది అంటూ కాసేపు తడుముకొని, జార్జీనా అని గుర్తు తెచ్చుకుంటుంది. సొంత అక్కచెల్లెళ్ల బిడ్డ పేరును, తోడబుట్టినవాడి బిడ్డ పేరును ఏ తల్లీ అలా తడుముకోదు. అంటే బంధుత్వం తల్లి వైపు నుంచి రాలేదు. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెడితే మిగిలే దారి ఒక్కటే: క్వెంటిన్ పిల్లల తండ్రికి సోదరుడు. పాఠకుల్లో ఎక్కువమంది అనుకునేదీ ఇదే.

ఈ వరస తేలడం తెలుగు పాఠకులకు చాలా అవసరం. క్వెంటిన్‌ను మామయ్య అని చెప్పి కథ వినిపిస్తే, జార్జ్ ఒక్కసారిగా జూలియన్‌కు మరదలవుతుంది, డిక్ ఆమెకు బావ వరస అవుతాడు, వినే పిల్లలు వాళ్ల గిల్లికజ్జాలన్నిటినీ వేరే కంటితో చూస్తారు. అన్నదమ్ముల పిల్లలు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. పన్నెండేళ్ల జూలియన్ పదకొండేళ్ల జార్జ్‌ను అదుపు చేయబోవడం, ఆమె ఎదురు తిరగడం అన్నాచెల్లెళ్ల తగవుగా చదివినప్పుడే కథకు సరిగ్గా కుదురుతాయి. క్వెంటిన్ అన్నా తమ్ముడా అన్న సంగతిని పిల్లల వయసులను బట్టి నిర్ణయించవద్దు; తమ్ముడికి ముందు పెళ్లై పిల్లలు పుట్టడం ఎక్కడైనా ఉన్నదే. వృక్షంలో ఇద్దరినీ ఒకే వరుసలో పెట్టండి. పైకి చదివి వినిపించేటప్పుడు నేనైతే బాబాయి అంటాను, ఫ్యానీని పిన్ని అంటాను.

ఇప్పుడు ఇంటిపేర్ల దగ్గరకు వద్దాం. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మొదటి పుస్తకంలో జార్జ్ తన దీవి గురించి చెబుతూ, ఒకప్పుడు ఈ చుట్టుపక్కల భూములన్నీ తన తల్లి తరఫువారివని, వాళ్లు చితికిపోయి చాలావరకు అమ్ముకున్నారని, చివరికి కిరిన్ దీవి, కిరిన్ కాటేజీ, కిరిన్ ఫారం మాత్రమే మిగిలాయని అంటుంది. ఊరి పేరే ఇంటిపేరుగా స్థిరపడిన కుటుంబాలు మన ఉత్తరాంధ్రలో వీధికొకటి కనిపిస్తాయి కాబట్టి, కిరిన్ అన్నది ఫ్యానీ పుట్టింటి పేరు అయి ఉండాలని మనకు వెంటనే తోస్తుంది. కానీ తర్వాతి పుస్తకాల్లో క్వెంటిన్ కూడా కిరిన్‌గానే కనిపిస్తాడు. పైగా 1958లో వచ్చిన ‘ఫైవ్ గెట్ ఇన్‌టు ఎ ఫిక్స్’లో, జలుబుతో నీరసించిన పిల్లలను వేల్స్ కొండల్లోని ఒక పొలానికి పంపే సందర్భంలో, జూలియన్ తల్లి మిసెస్ బార్నార్డ్ అవుతుంది. ఇద్దరు అన్నదమ్ములు, రెండు ఇంటిపేర్లు, అందులో ఒకటి భార్య పుట్టింటిది.

దీనికి మూడు వివరణలు పరిశీలించవచ్చు. క్వెంటిన్ పుట్టుకతో బార్నార్డ్ అయి, పెళ్లయ్యాక కిరిన్ అయ్యాడనుకోవడం మొదటిది. ఇది కేవలం ఊహ కాదు: ఇంగ్లండులో భూములున్న కుటుంబాలు, మగ వారసుడు లేనప్పుడు, కూతురిని చేసుకున్నవాడు తమ ఇంటిపేరు స్వీకరించాలని వీలునామాల్లో షరతు పెట్టే ఆచారం ఉండేది. మన దగ్గర ఇల్లరికం వచ్చిన అల్లుడు సాధారణంగా తన ఇంటిపేరు వదులుకోడు, దత్తత వెళ్లినవాడే మార్చుకుంటాడు. అందుకే ఈ వివరణ మనకు చప్పున తట్టదు. రెండోది, ఇద్దరూ ఒకే తల్లికి వేర్వేరు తండ్రుల బిడ్డలు కావడం. అప్పుడు ఇంటిపేర్లు వేరవుతాయి గాని, క్వెంటిన్‌కూ ఫ్యానీ పుట్టింటికీ ఒకే పేరు ఎందుకుందో మళ్లీ చెప్పవలసి వస్తుంది. మూడోది, మొదటి పుస్తకానికీ ‘ఫిక్స్’కూ నడుమ గడిచిన 16 ఏళ్లలో, ఏడాదికి పదుల పుస్తకాలు రాస్తున్న రచయిత్రి పాత వివరాలు చూసుకోకపోవడం. ఇదే వరుసలో వంటమనిషి ఒకచోట జోవానా, మరొకచోట జోన్ అయిందని గుర్తుంచుకుంటే, ఈ మూడోదే అన్నిటికంటే నమ్మదగినదని నేను గట్టిగా అంటాను. అయినా కథలోపలే సమాధానం కావాలని పిల్లలు పట్టుబడితే మొదటిదాన్ని ఇవ్వండి. పుస్తకంలోని ఏ మాటకూ అది అడ్డు రాదు.

ఇంటిపేరు ఒకటైతే తండ్రీకొడుకులే అనుకునే పిల్లలకు 1945 నాటి ‘ఫైవ్ గో టు స్మగ్లర్స్ టాప్’ మంచి అభ్యాసం. అందులో జూలియన్, డిక్‌ల బడి స్నేహితుడు సూటీ ఇంటిపేరు లెన్వార్. స్మగ్లర్స్ టాప్ అనే ఇంటి యజమాని లెన్వార్ అతని సొంత తండ్రి కాదు, మారుటి తండ్రి. మరిబెల్ అతనికి తల్లి వైపు నుంచి చెల్లెలు. వృక్షంలో తల్లిని నడుమ పెట్టి, రెండు పెళ్లిళ్లకూ రెండు గీతలు గీయించండి.

చివరగా, సిరాతో తిరగరాసేటప్పుడు పుస్తకంలో ఉన్నదాన్ని, పుస్తకంలోని మాటల వల్ల తేలినదాన్ని నిండు గీతతో, మనం ఊహించినదాన్ని చుక్కల గీతతో చూపాలి. ఫ్యానీ కిందా జార్జ్ కిందా కిరిన్ అని, జూలియన్ తల్లి కింద బార్నార్డ్ అని పుస్తకం పేరుతో సహా రాయండి. క్వెంటిన్ కింద కిరిన్ అని రాసి, అతనికీ జూలియన్ తండ్రికీ నడుమ నిండు గీతే గీయండి, చుక్కల గీత మాత్రం అతని పేరు నుంచి బార్నార్డ్ వైపు వెళ్లాలి.