సామెతలు 8:22 మీద బైబిల్ స్టడీ చెప్పాలంటే ఎలా రెడీ అవ్వాలి

పోయిన నెల గాజువాకలో మా యూత్ మీటింగ్‌లో ఒక తమ్ముడు లేచి, అన్నా జ్ఞానం అంటే యేసే అని మీరే చెప్పారు కదా, మరి ఇక్కడ ఆ జ్ఞానమే "యెహోవా నన్ను కలుగజేసెను" అంటోందేటి, అంటే యేసుని కూడా దేవుడు చేశాడా అన్నాడు. అందరూ పాస్టర్ గారి వైపు చూశారు, ఆయన నా వైపు చూశారు 😅 వారం టైం అడిగి తప్పించుకున్నా. ఆ వారంలో నేను పడ్డ పాట్లే ఈ పద్ధతి.

ముందు యూట్యూబ్ జోలికి పోకండి, కామెంటరీ కూడా అప్పుడే వద్దు. ఆ ఒక్క మాట పట్టుకోండి. హీబ్రూలో అక్కడున్న క్రియ "కానా", ఫోన్లో ఏ కాంకార్డెన్స్ యాప్ అయినా (ఒక మాట బైబిల్లో ఎక్కడెక్కడ వచ్చిందో చూపే యాప్) చూపిస్తుంది. ఇదే క్రియ ఆదికాండం 4:1లో హవ్వ నోట వస్తుంది, కయీను పుట్టినప్పుడు, అక్కడ మన తెలుగు బైబిల్ "సంపాదించుకొన్నాను" అంది, సామెతల్లోకి వచ్చేసరికి "కలుగజేసెను" అంది. ఈ రెండు వచనాలూ చార్ట్ మీద పక్కపక్కన రాసి పెట్టండి, సగం స్టడీ అక్కడే అయిపోద్ది.

అనువాదం అంటే ఎవరో మనిషి కూర్చుని మాట ఎంచుకోవడమే అని మనోళ్ళకి చెప్పాలంటే దూరం వెళ్ళక్కర్లేదు. 1805లో లండన్ మిషన్ నుంచి క్రాన్, డి గ్రాంజెస్ అనే మిషనరీలు దిగింది మన విశాఖపట్నంలోనే, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగు చేశారు, 1812లో సేరంపూర్‌లో మూడు సువార్తలు అచ్చయ్యాయి. ఇది చెప్తే ఓల్డ్ టౌన్ పిల్లలు నిటారుగా కూర్చుంటారు, గ్యారంటీ.

తర్వాత పాతవాళ్ళ దగ్గరికి రండి. ఎవరు కరెక్టు అని మొదలెట్టొద్దు, వాళ్ళ చేతిలో ఏ బైబిల్ ఉందో అడగండి. 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో అరియస్, అథనేసియస్ అనే ఇద్దరు సంఘ బోధకులూ చదివింది సెప్టువజింటే, అంటే పాత నిబంధనకి పాత గ్రీకు అనువాదం, అందులో "సృష్టించెను" అనే ఉంది, ఆ జ్ఞానం క్రీస్తే అని ఇద్దరూ ఒప్పుకున్నారు కూడా! అందుకే గొడవ అంత ముదిరింది. కుమారుడు సృష్టే అని అరియస్, కాదు అది ఆయన శరీరం ధరించి మనిషి కావడం గురించి అని అథనేసియస్. 325లో బిషప్పులు కూడిన నైసియా సభ కుమారుడు తండ్రి నుంచి పుట్టినవాడు, చేయబడినవాడు కాదు అని తేల్చింది. 4వ శతాబ్దం చివర్లో జెరోమ్ అనే బైబిల్ పండితుడు హీబ్రూ నుంచి లాటిన్ చేస్తూ "కలిగియుండెను" అనే అర్థం వచ్చే మాట వేశాడు, 1611 ఇంగ్లిష్ బైబిల్ కూడా అదే దారి.

ఇప్పటివాళ్ళని భయపడి వదిలెయ్యకండి, నేను మొదట వదిలేద్దామనే అనుకున్నా. పాత నిబంధన పండితుల్లో చాలామంది, సామెతలు రాసినాయన మనసులో త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే బోధ) లేదు, జ్ఞానాన్ని గుమ్మాల దగ్గర నిలబడి కేకలేసే ఆడమనిషిగా చూపిస్తున్నాడంతే అంటారు. ఎలిజబెత్ జాన్సన్, షూస్లర్ ఫియోరెంజా లాంటి స్త్రీవాద వేదాంతులు అక్కడి నుంచే దేవుని గురించి ఆడరూపంలో మాట్లాడొచ్చా అని అడిగారు. మా మీటింగ్‌లో ఎప్పుడూ నోరు విప్పని అక్కలు ఈ పాయింట్ మీదే ఎక్కువ మాట్లాడారు, ఒక అంకుల్ మాత్రం టీ కప్పు పెట్టేసి లేచి వెళ్ళిపోయారు, అలాంటిది ఒకటి జరుగుద్దని రెడీగా ఉండండి.

మీ అభిప్రాయం చివర్లోనే చెప్పండి, కానీ దాచొద్దు. నేనైతే కుమారుడి విషయంలో అథనేసియస్ పక్కే, కానీ ఈ వచనానికి ఆయన చెప్పిన అర్థం నాకు లాగినట్టే అనిపిస్తుంది, "సంపాదించుకొనెను" అనుంటే బాగుండేది, ఆ తమ్ముడికీ అదే చెప్పా.

ఇంకోటి, వెంటనే ఎవరో ఒకరు, క్రీస్తుని "ఆదిసంభూతుడు" అన్న కొలొస్సయులకు 1:15 తీస్తారు. అది వచ్చే వారానికి అని గట్టిగా చెప్పండి, మేం చెప్పక రాత్రి పదిన్నర దాటింది, మద్దిలపాలెం పిల్లలు ఆటోకి డబ్బులు పోగేసుకుని వెళ్ళారు.